జబ్బు ఊరికొస్తుంది, లెక్క రాదు

కోయిలకుంట్ల అనగానే రాయలసీమలో ఎవరికైనా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తొస్తాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీసింది ఇక్కడే. ఈ ఊరి పేరు ఇంకోచోట కూడా స్థిరపడింది. భూగర్భ శాస్త్రవేత్తలు కర్నూలు సీమ రాతిపొరలకు వరసగా పేర్లు పెట్టుకున్నారు: బనగానపల్లె, నర్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. కోయిలకుంట్ల సున్నపురాయి అంటే ఆ శాస్త్రం చదివినవాళ్లకు అదేదో వెంటనే తెలుస్తుంది. నేల కింది రాయిని అంత ఓపికగా పరిశీలించి, పేరుపెట్టి, పుస్తకాలకెక్కించారు. ఆ నేల మీద పంట పండక బతుకుతెరువుకు పోయి, ఒళ్లు గుల్ల చేసుకుని తిరిగొచ్చే మనిషిని పరిశీలించే పని మాత్రం ఇంకా ఎవరి ఉద్యోగమూ కాలేదు.

కోయిలకుంట్ల రెండు వలసదారుల నడుమ ఉంది. పడమరన కోసిగి, కౌతాళం, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ. అక్కడి జనం సుగ్గికి, అంటే కోతల కూలికి, పోతారు. దక్షిణంగా దిగి కడప దాటితే రాయచోటి, రాజంపేట. అక్కడి జనం కువైట్ పోతారు. నడుమ కుందూ ఒడ్డున నల్లరేగడి, అందులో శనగ, జొన్న, పత్తి. అదను తప్పితే హైదరాబాద్, బెంగళూరు బస్సులు ఎటూ ఉన్నాయి.

సుగ్గి సంగతి కాస్త దగ్గరగా చూడాలి. దీపావళి దాటిందంటే ఊళ్లోకి లారీలు, బొలెరోలు వస్తాయి. బియ్యం మూట, జొన్నల సంచి, వంటగిన్నెలు, పట్టలు, రెండు కోళ్లు, చంకలో పిల్ల. వీటన్నిటి మీదా మనుషులు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు పోయి పత్తి తీస్తారు, ఆ తర్వాత మిరపకాయ కోస్తారు. కూలి కిలోల లెక్కన కాబట్టి ఆగి నీళ్లు తాగినంతసేపూ డబ్బు పోయినట్టే. చేను గట్టునే పట్ట గుడారం, మూడు రాళ్ల పొయ్యి. మిరప ఘాటు చేతులకు పట్టిందంటే కడిగినా తొందరగా వదలదు. తల్లి ఆ చేతులతో పసిబిడ్డ ముఖం తుడవాలన్నా జంకుతుంది. ఊళ్లో ఇంటికి తాళం, లేదంటే ఒక ముసలమ్మ. బడీడు పిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. అవి నడిచిన ఊళ్లో పిల్లలు మిగులుతారు, నడవని ఊళ్లో వాళ్లూ లారీ ఎక్కుతారు. గర్భిణి పోతే ఆమె వెంట ఆరోగ్య కార్డు పోతుందేమో గానీ దాన్ని చూసే ఏఎన్ఎం పోదు. క్షయకు మందులు మింగుతున్నవాడు పోతే అతని ఆర్నెల్ల కోర్సు ఎక్కడ తెగుతుందో ఎవరికీ పట్టదు. నిక్షయ్ పోర్టల్‌లో రోగిని ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు బదిలీ చేసే వీలుంది. అయితే మిరపచేను గట్టుకు పిన్‌కోడ్ లేదు.

ప్రజారోగ్య పండితుల లోకంలో ఈ మనుషుల గురించి చర్చ తక్కువేం లేదు. 2018 డిసెంబరులో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ, లాన్సెట్ పత్రిక కలిసి వలస, ఆరోగ్యం మీద వేసిన కమిషన్ పెద్ద నివేదిక ఇచ్చింది. దానికి అధ్యక్షుడు ఇబ్రహీం అబూబకర్. నైజీరియాలో వైద్యం చదివి, బ్రిటన్ వెళ్లి, క్షయ మీద పనిచేసి ఆచార్యుడైన మనిషి. వలసల గురించి మాట్లాడే పెద్దమనిషి తానూ వలసదారే కావడం కాకతాళీయం కాదు. ఈ రంగంలో పేరొచ్చిన చాలామంది దారి అదే. మన తెలుగు పిల్లలు కూడా ప్రజారోగ్యంలో పీజీ అనగానే లండన్, బోస్టన్, మెల్‌బోర్న్ దరఖాస్తులు నింపుతారు.

ఆ కమిషన్‌తో పాటే ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 92 దేశాల నుంచి వెళ్లిన 1.52 కోట్ల మంది వలసదారుల మరణాల లెక్కలు కలిపి చూశారు. ధనిక దేశాలకు వెళ్లినవాళ్లలో మరణాలు అక్కడి స్థానికుల కంటే దాదాపు 30 శాతం తక్కువని తేలింది. వలసదారు రోగాలు మోసుకొస్తాడని ఓట్లడిగే రాజకీయానికి అది గట్టి జవాబు. అందులో సందేహం లేదు. కానీ ఆ లెక్క కోసిగికి, రాయచోటికి వర్తించదు. విశ్లేషణ చేసినవాళ్లే ఇది ధనిక దేశాలకు పోయినవాళ్ల సంగతి మాత్రమేనని రాశారు.

వలసదారులు ఆరోగ్యంగా కనబడటానికి రెండు కారణాలు చెబుతారు. మొదటిది తేలిక. గట్టిగా ఉన్నవాడే పోతాడు. కువైట్ వీసా రావాలంటే ముందు మెడికల్ పాస్ కావాలి, ఛాతీ ఎక్స్‌రేలో పాత క్షయ మచ్చ కనిపించినా అన్‌ఫిట్. కూలీలను కుదుర్చుకునే మేస్త్రి కూడా సుగ్గికి పిలిచేది చెయ్యి ఆడేవాళ్లనే. రెండో కారణమే మనకు సంబంధించింది. పనిచేయలేని స్థితికి వచ్చినవాడు పోయినచోట ఉండడు, ఇల్లు చేరతాడు. పుట్టిన ఏట్లోకే తిరిగొచ్చి చనిపోయే చేప పేరు మీద దీన్ని సాల్మన్ బయాస్ అంటారు. మనిషి విమానమెక్కి వెనక్కి వచ్చేసరికి ఆ దేశపు లెక్కల్లోంచి జబ్బు మాయమవుతుంది. పదిహేనేళ్లు కువైట్ ఎండలో పనిచేసిన మనిషి కిడ్నీ చెడి ఇంటికి వస్తే కువైట్ ఆరోగ్య శాఖకు ఒక రోగి తగ్గాడు. డయాలసిస్ కోసం కడప రిమ్స్ మెట్లెక్కేటప్పుడు అతను వలసదారు కాడు, ఆరోగ్యశ్రీ కార్డున్న ఇంకో రోగి, అంతే. అతని కేస్‌షీట్‌లో వృత్తి అన్న గడి ఎదురుగా ఏం రాస్తారో ఒకసారి చూడండి. చాలాసార్లు కూలి అని ఉంటుంది, లేదంటే ఖాళీ.

ఈ వ్యాసం అనేదల్లా ఒక్కటే. వలస ఆరోగ్యం మీద జ్ఞానం మనుషులు పోయేచోట తయారవుతోంది, జబ్బు మాత్రం వాళ్లు బయల్దేరిన చోటికి వస్తోంది. కాబట్టి ఈ చదువుకు, ఈ ఉద్యోగానికి తావు ఉండాల్సింది నంద్యాల, కర్నూలు, కడపల్లో.

తెలుగు నేల మీద ఈ రంగంలో పని జరగలేదని కాదు. 2005, 2007 మధ్య లక్నో, నాగ్‌పూర్, హైదరాబాద్, బెంగళూరుల్లోని నాలుగు ఫ్యాక్టరీల్లో ఒక అధ్యయనం చేశారు. హైదరాబాద్‌లో అది జరిగింది బీహెచ్‌ఈఎల్‌లో. ఆలోచన చాలా తెలివైనది. పల్లె నుంచి వచ్చి ఫ్యాక్టరీలో కుదురుకున్న ఉద్యోగిని, ఊళ్లోనే ఉండిపోయిన అతని అన్ననో చెల్లెల్నో పక్కపక్కన పెట్టి కొలిచారు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే ఇంటి తిండి తిని పెరిగినవాళ్లు. తేడా ఉంటే అది పట్నం తెచ్చిన తేడానే కావాలి. 6,510 మందిని పరీక్షించారు. మగవాళ్లలో పల్లెలో ఉండిపోయిన వాళ్లకు మధుమేహం 6.2 శాతం, వలస వచ్చిన వాళ్లకు 14.3 శాతం, పట్నంలోనే పుట్టినవాళ్లకు 13.5 శాతం. అంటే పల్లె నుంచి వచ్చినవాడు చక్కెర జబ్బులో పట్నపోడిని అందుకున్నాడు. 2010లో ఇది ప్లాస్ మెడిసిన్‌లో అచ్చయింది. మొదటి రచయిత లండన్ ఆచార్యుడు షా ఇబ్రహీం, చివరి రచయిత కె. శ్రీనాథ్ రెడ్డి.

శ్రీనాథ్ రెడ్డి ప్రస్థానం తెలుగువాళ్లు తెలుసుకోవాల్సిందే. ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె వైద్య విభాగానికి అధిపతై, 2006లో మొదలైన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు తొలి అధ్యక్షుడయ్యారు. రోగి మంచం పక్క నుంచి జనాభా లెక్కల వైపు నడిచిన మనిషి. ఆయన తండ్రి కె.వి. రఘునాథరెడ్డి 1970లలో కేంద్రంలో కార్మిక శాఖ చూశారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది ఆ రోజుల్లోనే. తండ్రి కూలీల చట్టం వైపు, కొడుకు ఆ కూలీల గుండె, రక్తం వైపు. ఒకే ఇంట్లో ఈ రెండు దారులూ కలిశాయి గానీ మన కాలేజీల్లో అవి ఎదురుపడవు. కార్మిక చట్టం లా కాలేజీలో, బీపీ కొలత మెడికల్ కాలేజీలో.

ఆ ఫ్యాక్టరీల అధ్యయనంలో ఒక పరిమితి ఉంది, అది వాళ్ల తప్పు కాదు. ఫ్యాక్టరీకి జీతాల రిజిస్టరు ఉంటుంది, పేర్లు దొరుకుతాయి, వెతికితే ఊళ్లో తోబుట్టువులు దొరుకుతారు. సుగ్గికి పోయేవాళ్ల రిజిస్టరు ఎక్కడుంది? ఉంది, మేస్త్రి జేబులో. అట్టలు నలిగిన చిన్న నోటుపుస్తకంలో ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చాడో, ఎవరు ఎన్ని కిలోలు తీశారో అన్నీ ఉంటాయి. ఆ నోటుపుస్తకం విశ్వవిద్యాలయం గడప ఎక్కాలంటే మేస్త్రితో టీ తాగే పరిశోధకుడు కావాలి. లండన్ నుంచి మూడు వారాలకు వచ్చినవాడికి ఆ తీరిక ఎక్కడిది?

ఇంటింటి సర్వేలదీ ఇదే తంతు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లాంటివాటిలో తలుపు తాళం వేసి ఉంటే మళ్లీ మళ్లీ వెళ్తారు. ఇల్లంతా చాలాకాలంగా ఊళ్లో లేదనుకుంటే దానికి వేరే కోడ్ రాసి పక్కన పెడతారు. సుగ్గి నెలల్లో కౌతాళం లాంటి మండలంలో ఆ కోడ్ పడే ఇళ్లే సర్వేకు ముఖ్యమైన ఇళ్లు.

కొలిచేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది ఎంత తేడా తెస్తుందో కర్నూలు జిల్లా చరిత్రలోనే ఉంది. 1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి ధాత కరువు అన్నారు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎండిపోయాయి. అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, కోయిలకుంట్ల పక్కనే ఉన్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడు. ఆ కథ జనం ఇప్పటికీ పాడుకుంటారు. ధాత కరువు ఒక్క దాత చేతిలో తీరేది కాదు. వైస్రాయ్ లిట్టన్ 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపాడు. కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నది టెంపుల్ ఆజ్ఞ. పౌనంటే అరకిలో కూడా కాదు, 450 గ్రాముల పైచిలుకు. అదీ ఊరి పక్కన కాదు, దూరపు పనులకు పోతేనే. ప్రభుత్వమే జనాన్ని వలస పట్టించిందన్నమాట.

ఆ లెక్కను ఎదిరించింది ఒక ప్రజారోగ్య అధికారి. మద్రాసు రాజధాని శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్. ఆయన వాదన దయాధర్మాల మీద నడవలేదు. అంతకు పదేళ్లకు పైగా ముందే దక్షిణాది జనం తిండి మీద, జిల్లా జైళ్లలో ఖైదీలకు పెట్టే తిండి మీద ఆయన నివేదిక తయారుచేశాడు. 1863 నాటి పని అది. ఎంత తిన్న మనిషి ఎంత పని చేయగలడో, ఎంతకు తగ్గితే చిక్కిపోతాడో ఆయన దగ్గర లెక్కలున్నాయి. జైల్లో ఖైదీకి పెట్టేదానికంటే కరువు పనిలో రైతుకు తక్కువ పెడుతున్నారని చూపించాడు. శిబిరాల్లో మనుషులను చూసి, తూచి, ఆ పౌను మనిషిని నిలబెట్టదని రాశాడు. టెంపుల్ జవాబిచ్చాడు, కార్నిష్ మళ్లీ జవాబిచ్చాడు, ఆ జవాబు పుస్తకంగా అచ్చయింది. 1877 నడిమికి మద్రాసు ప్రభుత్వం కూలి కొంత పెంచక తప్పలేదు. అప్పటికే ఆలస్యమైంది. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. అందులో చచ్చినవాళ్లెందరో, ఎటో పోయినవాళ్లెందరో ఆ లెక్క విడదీసి చెప్పదు.

టెంపుల్ తెలివితక్కువవాడేం కాదు. మూడేళ్ల ముందు బెంగాల్ కరువులో ధారాళంగా బియ్యం తెప్పించి ప్రాణాలు కాపాడినవాడు అతనే. డబ్బు దుబారా చేశాడని పైనుంచి తిట్లు తిన్నాక మద్రాసులో ముందే లెక్క తేల్చుకుని వచ్చాడు. కార్నిష్ మద్రాసు ఉద్యోగి. ఏళ్ల తరబడి ఈ జనం ఏం తింటారో చూసినవాడు. ఇద్దరికీ చదువుంది, ఇద్దరూ తెల్లవాళ్లే. తేడా అల్లా ఒకడు పర్యటనలో ఉన్నాడు, ఇంకొకడు ఇక్కడే ఉన్నాడు.

ఇటీవలి ఉదాహరణ నేపాల్‌ది. కతార్‌లో స్టేడియాలు కట్టే రోజుల్లో నేపాలీ కుర్రవాళ్లు శవపేటికల్లో ఇళ్లకు చేరుతుంటే కాగితాల మీద గుండె ఆగింది, సహజ మరణం అని ఉండేది. ముప్పై ఏళ్ల కుర్రవాడి గుండె ఎందుకు ఆగుతుంది? ఖాట్మండూలోని త్రిభువన్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు బందనా ప్రధాన్ మరికొందరితో కలిసి 2009 నుంచి 2017 దాకా జరిగిన మరణాలను కతార్ వేడి లెక్కలతో జతచేసి చూశారు. ఎండ ముదిరిన నెలల్లో గుండె మరణాలు పెరుగుతున్నాయి. 571 గుండె మరణాల్లో 200 దాకా, ఎండ నుంచి సరిగా కాపాడి ఉంటే ఆపగలిగేవని 2019లో ప్రచురించారు. సహజం అన్న మాటను శవాలు అందుకునే దేశంలోని విశ్వవిద్యాలయం ప్రశ్నించింది. కతార్ నుంచి ఆ ప్రశ్న వచ్చి ఉండేదా?

మన దగ్గరికొస్తే, 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్ భవనం కాలిపోయి 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్లలో ఆంధ్రప్రదేశ్ వాళ్లూ ఉన్నారు. ఒక్కసారిగా పోయిన ప్రాణాలు కాబట్టి అందరూ విన్నారు, విమానం పంపారు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని నియమం ఉంది. ఇళ్లలో పనిచేసేవాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని 2015లో చట్టం తెచ్చారు. రాయచోటి ఆడబిడ్డ తాను బాబా, మామ అని పిలిచే యజమానుల ఇంట్లో ఎన్ని గంటలు నిలబడుతుందో, ఎన్నింటికి పడుకుంటుందో, ఇంటికొచ్చాక ఆమెకు నిద్ర పడుతుందో లేదో కొలవాల్సింది ఎవరు? గల్ఫ్ చర్చంతా పంపిన డబ్బు మీద, మోసం చేసిన ఏజెంట్ల కేసుల మీద నడుస్తుంది. నడుంనొప్పి, నిద్రలేమి, దిగులు ఆ లెక్కలోకి రావు.

ఇంకో పాపం కూడా చెప్పుకోవాలి. ప్రజారోగ్యం వలసకూలీని పట్టించుకున్నప్పుడు చాలాసార్లు అనుమానితుడిగానే పట్టించుకుంది. 2007లో మొదలైన ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశలో లారీ డ్రైవర్లతో పాటు వలసకూలీలను కూడా బ్రిడ్జి జనాభాగా చూశారు. అంటే జబ్బు వాళ్ల మీదుగా ఇతరులకు దాటుతుందని. వ్యాధి వ్యాప్తి దృష్టితో అది తప్పు కాకపోవచ్చు. కానీ వంతెన మీద నడిచేవాళ్ల కోసమే ఆలోచిస్తే వంతెన పగుళ్లు ఎవరు చూస్తారు? ఇప్పుడు అంతర్జాతీయంగా వలసదారుల క్షేమం అన్న మాట వినబడుతోందంటే, ఆ చూపు మెల్లగా మారుతోందని అర్థం. ఆ మార్పు జిల్లా ఆసుపత్రి దాకా ఇంకా దిగలేదు.

చట్టం మాత్రం ఏం చూసింది గనక. 2025 దాకా అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలో ఉచిత వైద్యం, దారిఖర్చులు, నివాసం అన్నీ రాసి ఉండేవి. పేరులోనే ఉంది అంతర్రాష్ట్రమని. కోసిగి నుంచి గుంటూరుకు 300 కిలోమీటర్ల పైనే పోయినా రాష్ట్రం దాటలేదు కాబట్టి ఆ కూలీ చట్టానికి కనబడేవాడు కాదు. అదే కోసిగి నుంచి తుంగభద్ర అవతలి రాయచూరుకు పోతే వలస కార్మికుడయ్యేవాడు. 2014 జూన్ 2న ఇంకో తమాషా జరిగింది. కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లి సెంట్రింగ్ పని చేసుకుంటున్నవాడు ఆ పొద్దున లేచేసరికి అంతర్రాష్ట్ర వలసదారు అయిపోయాడు. ఆ తర్వాత 2020లో లాక్‌డౌన్ పెట్టగానే మిరప చేలల్లో, కట్టడాల దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందరో ఏ కలెక్టరు దగ్గరా ముందుగా జాబితా లేదు. ఆ ఏడాది సెప్టెంబరులో వలసకూలీల మరణాల గురించి అడిగితే అలాంటి లెక్కలేవీ తమ దగ్గర లేవని కేంద్ర కార్మిక శాఖ లోక్‌సభకే చెప్పింది.

మరి ఈ లెక్క తీసే ఉద్యోగం ఎవరిది? 2023 సెప్టెంబరులో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. కోయిలకుంట్లకు అంతకంటే దగ్గరలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ లేదు. కర్నూలు కాలేజీ 1957 నుంచి ఉంది, కడప రిమ్స్ 2006 నుంచి. మూడుచోట్లా కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఉంటుంది, ఉండి తీరాలి. ఇప్పుడు ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువుకునే ఏళ్లలో వాళ్ల ఆరోగ్యాన్ని చూడాలన్న నియమం కూడా ఉంది. అంటే యంత్రాంగమంతా సిద్ధంగానే ఉంది. దత్తత కుటుంబాలను కాలేజీ బస్సు సులువుగా పోయే ఊరిలో కాకుండా సుగ్గి ఊళ్లో ఎంచుకుంటే చాలు, పిల్లలకు ప్రజారోగ్యం అంటే ఏమిటో ఒక్క ఏడాదిలో తెలిసిపోతుంది. దసరాకు ఆ కుటుంబాన్ని తూచి, రక్తం చూసి, బీపీ కొలిచి పంపించాలి. ఉగాదికి తిరిగొచ్చాక మళ్లీ అవే కొలవాలి. ఒకే మనిషి, ఆర్నెల్ల ఎడం. మిరపచేను ఆ ఒంట్లోంచి ఏం తీసుకుందో పట్టిక వేసి చూపించవచ్చు. దీనికి జన్యుపరీక్షల ల్యాబ్ అక్కర్లేదు. తూకం మిషను, హిమోగ్లోబిన్ మీటరు, మేస్త్రి ఫోన్ నంబరు చాలు.

అలా ఏళ్ల తరబడి ఒకే ఊళ్లను పట్టుకుని ఉండటం సాధ్యమేనా అంటే, తెలుగు నేల మీదే దానికి నమూనా ఉంది. హైదరాబాద్ దక్షిణాన 29 గ్రామాల్లో 1987, 1990 మధ్య అంగన్‌వాడీ పోషకాహారం మీద జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన చేసింది. గర్భంలో, పసితనంలో ఆ తిండి అందిన పిల్లలను పదిహేనేళ్ల వయసు ప్రాంతంలో మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. మిగతావాళ్లకంటే 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నారు, గుండె రక్తనాళాలకు సంబంధించిన కొన్ని కొలతలూ మెరుగ్గా ఉన్నాయి. ఆ ఊళ్లను ఆ తర్వాతా వదల్లేదు. ఒక పల్లెను తరం దాకా కనిపెట్టి ఉండటమే ఒక ఉద్యోగ జీవితం కాగలదని ఆ పరిశోధకులు చూపించారు.

ఆసుపత్రిలో మంచాలే చాలనప్పుడు ఈ లెక్కల పంచాయితీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నంద్యాల ఆసుపత్రికి ముందు నిపుణులు కావాలి, నిజం. అయితే ఉద్దానం కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి. శ్రీకాకుళం తీరంలో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఇళ్లను ఖాళీ చేసింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయి. కారణం ఏమిటన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు. మంచాలు వేసినా, తొలిరోజుల్లో లెక్క తీయకపోవడం వల్ల పోయిన సమాచారం తిరిగి రాదు. మధ్య అమెరికా చెరకు తోటల్లో ఎండలో పనిచేసే కూలీల కిడ్నీలు ఇలాగే చెడుతున్నాయని గుర్తించాక నీడ, నీళ్లు, విరామం పద్ధతిగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మూడింటికీ ఆసుపత్రికయ్యేంత ఖర్చు కాదు.

అసలు చిక్కు డబ్బు కంటే హోదాతో. పీజీ కౌన్సెలింగ్‌లో ర్యాంకు మంచిదైతే రేడియాలజీ, స్కిన్, జనరల్ మెడిసిన్. ఏదీ దొరకనివాళ్లు చివరికి కమ్యూనిటీ మెడిసిన్ వైపు చూస్తారు. అందులో చేరాక ప్రమోషన్ రావాలంటే సూచీలకెక్కిన పత్రికల్లో వ్యాసాలు చూపించాలి. అవి ఇంగ్లీషులో ఉంటాయి, వాటికి నచ్చే ప్రశ్నలు ఎక్కువగా బయటి దేశాల్లో పుడతాయి. ఆలూరు మండలంలో సుగ్గి నుంచి వచ్చిన కుటుంబాల రక్తహీనత మీద ఒక ప్రొఫెసరు చక్కటి తెలుగులో నివేదిక రాసి, గ్రామసభలో చదివి, కలెక్టరుకు అందించి, గుంటూరు జిల్లా వైద్యాధికారితో కూర్చుని చేల దగ్గరికి సంచార వైద్య వాహనం తెప్పించాడనుకుందాం. ప్రమోషన్ ఫైలులో ఆ పనికి ఒక్క పాయింటూ లేదు. ఈ నియమాన్ని ఢిల్లీ మార్చేదాకా ఆగక్కర్లేదు. రాష్ట్ర వైద్య విద్యా శాఖ తన పరిధిలోనే నంద్యాల, కర్నూలు, కడప కాలేజీల కమ్యూనిటీ మెడిసిన్‌లో వలస ఆరోగ్యానికి తలా ఒక పోస్టు కేటాయించవచ్చు. చేరినవాళ్లకు సుగ్గి నెలల్లో పరీక్షల డ్యూటీ వేయకుండా, గుంటూరు వైపు తిరగడానికి జీపు, డీజిలు ఇవ్వవచ్చు. మొదటి దఫాకు దసరా ముందే పోస్టులు నిండాలి, ఎందుకంటే దీపావళి దాటాక లారీలు వెళ్లిపోతాయి.